డేటాబేస్ పనివాళ్లు ఎక్కడ కలుసుకోవాలి?

డేటాబేస్ నిపుణుల యూజర్ గ్రూపులు, వాళ్లు సెలవురోజున కూడి ఒకరికొకరు పాఠాలు చెప్పుకునే సభలు అంటే హైదరాబాద్, బెంగళూరు నగరాల వ్యవహారమని మనలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఏలూరు, తాడేపల్లిగూడెం, నల్లజర్ల చుట్టుపక్కల అలాంటిదొకటి పెడదామని ఎవరైనా అంటే ముందుగా వినపడే మాట, "ఇక్కడ డీబీఏలు (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్లు) ఎవరున్నారు?" అని. అడగదగ్గ ప్రశ్నే. కానీ అందులో ఒక నమ్మకం దాగి ఉంది: ఆ హోదా పేరుతో జీతం తీసుకునేవాళ్లు గుంపుగా ఉన్నచోటే యూజర్ గ్రూపు పుడుతుందని. గత 70 ఏళ్ల చరిత్ర చూస్తే ఆ నమ్మకం నిలవదు. ఇలాంటి కూటములు ఎక్కడ పుట్టాయి, ఎందుకు బతికాయి, ఎందుకు కూలాయి అని వరసగా పరిశీలిస్తే తేలేది ఒకటే. ఒకే రకం చిక్కులతో రోజూ తలపడేవాళ్లు ఒకరి మాట ఒకరు వినగలిగే దూరంలో ఉంటే గ్రూపు నిలుస్తుంది. కంపెనీ అండ, ఉద్యోగాల సంఖ్య, ఖరీదైన హాలు ఆ తరవాతి సంగతులు. ఆ కొలతతో చూస్తే మెట్ట నుంచి కొల్లేరు దాకా ఉన్న ఈ నేల ఒక గ్రూపుకు సరిపడా సరుకున్న నేలే.

మొదటి నుంచి వద్దాం. కంప్యూటర్ వాడకందారుల సంఘాల్లో మొట్టమొదటిదిగా అందరూ చెప్పుకునే 'షేర్' 1955లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. ఐబీఎం 704 యంత్రాలు తెప్పించుకుంటున్న విమాన తయారీ సంస్థల్లో పనిచేసేవాళ్లు, ఒకే ప్రోగ్రామును ప్రతి సంస్థా విడివిడిగా రాసుకోవడం దండగని గ్రహించి చేతులు కలిపారు. యజమానులేమో మార్కెట్లో పోటీదారులు, వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లేమో తోటి పనివాళ్లు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడమే యూజర్ గ్రూపు అనే ఏర్పాటుకు పునాది. మన దేశంలోనూ కథ ఇలాగే మొదలైంది. 1965లో ఏర్పడిన కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా మొదట ఒక చిన్న కంప్యూటర్ వాడకందారుల బృందమే. దేశంలో కంప్యూటర్లను వేళ్లమీద లెక్కపెట్టగలిగిన రోజుల్లో, వాటి ముందు కూర్చునేవాళ్లు కలుసుకోవలసిన అవసరం కనిపెట్టారు. అప్పటికి డేటాబేస్ నిపుణుడనే ఉద్యోగమే లేదు. రిలేషనల్ నమూనా గురించి ఎడ్గర్ కాడ్ వ్యాసం వచ్చింది 1970లో. అంటే ఉద్యోగాలు ముందు, సంఘం తరవాత అనే వరస చరిత్రలో కనపడదు. చిక్కు ముందు వచ్చింది, సంఘం వెంట వచ్చింది, హోదాల పేర్లు ఆఖరున వచ్చాయి.

డేటాబేస్ లోకంలో ఈ ఏర్పాటు ఎంత ఎత్తుకు పోయిందో, ఎలా పడిందో చెప్పడానికి 'పాస్' కథ చాలు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్ల కోసం 1999లో ఏర్పడిన ఈ సంఘానికి మైక్రోసాఫ్ట్, కంప్యూటర్ అసోసియేట్స్ వెన్నుదన్నుగా నిలిచాయి. దేశదేశాల్లో దానికి స్థానిక శాఖలు ఏర్పడ్డాయి. 2007లో అమెరికాలోని ఓర్లాండోలో కొందరు మొదలుపెట్టిన 'ఎస్‌క్యూఎల్ సాటర్‌డే' కొన్నాళ్లకు దాని గొడుగు కిందికి చేరింది. శనివారం పూట ఒక కాలేజీ గదిలోనో ఆఫీసులోనో కూడటం, ప్రవేశం ఉచితం, చెప్పేవాళ్లు ప్రతిఫలం లేకుండా చెప్పడం, భోజనం ఖర్చు స్పాన్సర్లు పెట్టుకోవడం దాని పద్ధతి. ఆ చిన్న నమూనా ఊరూరికీ పాకింది. సంఘం ఆదాయం మాత్రం ఏటా జరిగే ఒక పెద్ద సమావేశం టికెట్ల మీదే ఆధారపడింది. 2020లో కోవిడ్‌తో ఆ సమావేశం మనుషులు కూడకుండా జరగాల్సి వచ్చింది, ఆదాయం కుప్పకూలింది, 2021 జనవరి 15న పాస్ మూతపడింది. దాని పేరును, ఆస్తులను రెడ్‌గేట్ అనే కంపెనీ కొనుక్కుంది. గమనించాల్సింది ఆ తరవాత జరిగినది. పెద్ద సంస్థ పోయినా శనివారం సభలు పోలేదు. వేరే లాభాపేక్షలేని ఏర్పాటు కింద తిరిగి నడుస్తున్నాయి. వాటికి కావలసినవి ఒక గది, చెప్పేవాళ్లు కొందరు, భోజనం. వీటికి ప్రధాన కార్యాలయంతో పనిలేదు.

ఒక కంపెనీ సరుకు చుట్టూ కాకుండా పని చుట్టూ అల్లుకున్న సమాజానికి పోస్ట్‌గ్రెస్ మంచి ఉదాహరణ. 1986లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో పరిశోధనగా మొదలై, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేరు తీసుకున్న ఈ డేటాబేస్‌కు యజమాని అంటూ ఒక కంపెనీ లేదు. దాన్ని వాడేవాళ్లు, రాసేవాళ్లు కలిసే దాని సభలు నడుపుకుంటారు. మన దేశంలో బెంగళూరులో జరిగే పీజీకాన్ఫ్ అలాంటిదే. ఇలాంటి సమాజం ఏమిస్తుందో ఒక దుర్ఘటన చూపిస్తుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్ మీద అసలు డేటాబేస్ ఫోల్డర్‌ను చెరిపేశాడు. ఆపే లోపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్ కోసం పెట్టుకున్న 5 మార్గాల్లో ఒక్కటీ అనుకున్నట్టు పనిచేయలేదు. అంతకు సుమారు 6 గంటల ముందు ఎవరో చేత్తో తీసి ఉంచిన ఒక నకలు గట్టెక్కించింది, ఆ 6 గంటల డేటా పోయింది. ఆ సంస్థ దాచిపెట్టలేదు. కోలుకునే పనిని అందరూ చూసేలా ప్రసారం చేసింది, ఏ బ్యాకప్ ఎందుకు విఫలమైందో తరవాత పూసగుచ్చినట్టు రాసి పెట్టింది. బ్యాకప్ తీయడం వేరు, దాన్ని రిస్టోర్ చేసి చూసుకోవడం వేరు అనే మాట ప్రతి పుస్తకంలోనూ ఉంది. అయినా ఆ నివేదిక చదివాక లేచి తమ బ్యాకప్‌లు పరీక్షించుకున్నంతగా పుస్తకం చదివి పరీక్షించుకోలేదు జనం. తోటివాడి దెబ్బ నేర్పేది వేరు. ఆ పాఠం అమ్మకానికి దొరకదు.

ఇక తెలుగునాటికి వస్తే, డేటాబేస్ చదువు మనకు కొత్త కాదు, కొరత కూడా కాదు. అమీర్‌పేటలో మైత్రీవనం, ఆదిత్య ట్రేడ్ సెంటర్ చుట్టూ ఉన్న కోచింగ్ గదుల్లో ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ నేర్చుకుని సముద్రాలు దాటినవాళ్లలో గోదావరి జిల్లాలవాళ్లు కోకొల్లలు. అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010 నుంచి 2017 మధ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనగణన లెక్కలను విశ్లేషించినవాళ్లు తేల్చారు. అందులో ఆ గదుల పాత్ర చిన్నది కాదు. ఆ చదువును తక్కువ చేయనక్కర్లేదు. తక్కువ ఫీజుకు, తక్కువ కాలంలో, ఉద్యోగానికి పనికొచ్చే మేరకు నేర్పిన బడి అది. కాకపోతే దాని గమ్యం ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూ దాటాక పదేళ్లపాటు ఎదురయ్యేవాటి గురించి చెప్పడం ఆ బడి పని కాదు. ఆ పనికి హైదరాబాద్‌లో వేరే వేదికలు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ 1998లో తన అభివృద్ధి కేంద్రాన్ని అక్కడ పెట్టాక ఆ సాంకేతికతల చుట్టూ యూజర్ గ్రూపులు ఏర్పడ్డాయి. అఖిల భారత ఒరాకిల్ వాడకందారుల సంఘం తన వార్షిక సభ 'సంగం'ను పలుమార్లు హైదరాబాద్‌లో జరిపింది. ప్రపంచంలో పేరున్న నిపుణులు వచ్చి చెప్పిన సభలవి. వాటిలో చెప్పేది గొప్పది. కానీ అది పెద్ద బ్యాంకు, పెద్ద టెలికాం కంపెనీ, వేల కోట్ల వరసల టేబుళ్ల లోకం. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో లెక్కలు రాసే కుర్రాడికీ, కైకలూరులో చేపల మేత డిపో స్టాకు చూసుకునే అమ్మాయికీ అక్కడ కూర్చునే కుర్చీ ఉన్నా, తమ చిక్కు గురించి మాట ఉండదు.

తెలుగులో సాంకేతిక సమాజాలు కంపెనీల తోడు లేకుండానే నడవగలవా అంటే, నడిచినవి ఉన్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను నిలబెట్టినవాళ్లు జీతగాళ్లు కారు. కీబోర్డు మీద తెలుగు రాయడమే పెద్ద పనిగా ఉన్న రోజుల్లో వాళ్లు ఊళ్లలో, పుస్తక ప్రదర్శనల్లో, కాలేజీల్లో కూర్చుని కొత్తవాళ్లకు నేర్పారు. స్వేచ్ఛ సాఫ్ట్‌వేర్ ఉద్యమంగా హైదరాబాద్‌లో ఎదిగిన 'స్వేచ్ఛ' సంస్థ ఇంజనీరింగ్ కాలేజీల్లో విద్యార్థుల గ్లగ్‌లను, అంటే గ్నూ/లినక్స్ యూజర్ గ్రూపులను, నిర్మించింది. ఇంకా వెనక్కి వెళితే, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడ్డాక ఊరూరా గ్రంథాలయాలు లేచాయి. 1935లో పెదపాలెం నుంచి కాలవ మీద పడవ గ్రంథాలయం తిరిగింది. చదువును నగరం నుంచి ఊరికి తెచ్చుకోవడం, అదీ మన భాషలో తెచ్చుకోవడం ఈ డెల్టాలకు అలవాటున్న పనే. ఈ ఉదాహరణలన్నిటిలో ఉమ్మడిగా కనపడేది ఒకటుంది: సరుకు అమ్మేవాడు గాని, పథకం నడిపేవాడు గాని కేంద్రంలో లేడు.

అలాంటివాళ్లు కేంద్రంలో ఉన్నచోట ఏమైందో కూడా ఈ ప్రాంతానికే తెలుసు. 2002లో అప్పటి పశ్చిమగోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు మొదలైనప్పుడు వాటిని స్వయం సహాయక బృందాల మహిళలు నడిపారు. బిల్లులు, ధ్రువపత్రాలు, అర్జీలు కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఆ మహిళలు ఈ నేల మీద తొలితరం డేటా పనివాళ్లలో కొందరు. దేశమంతా దాన్ని మెచ్చుకుంది. తరవాత బైర్రాజు ఫౌండేషన్ 'గ్రామ్ ఐటీ' పేరుతో జల్లికాకినాడ, ఏతకోటల్లో గ్రామీణ బీపీవోలు పెట్టి, పల్లె పట్టభద్రుల చేత నగరాల కంపెనీల వెనకాఫీసు పనులు చేయించింది. పల్లెటూరి డిగ్రీ కుర్రాళ్లు ఆ పని నాణ్యంగా చేయగలరని అది రుజువు చేసింది. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడటంతో సత్యం వ్యవస్థాపకుల కుటుంబం పెట్టిన ఆ ఫౌండేషన్ ఆర్థిక ఆసరా దెబ్బతింది. ఈ రెండు ప్రయోగాల్లోనూ మనుషులకు పని వచ్చింది, నైపుణ్యం వచ్చింది. ఆ మనుషులను ఒకరికొకరిని కట్టి ఉంచే సంఘం రాలేదు. అందుకని పథకం మారినప్పుడు, దాత తప్పుకున్నప్పుడు ఆ నైపుణ్యం ఎవరింటికి వాళ్లు పట్టుకుపోయారు. పాస్ మూతపడినా శనివారం సభలు బతికాయి. ఇక్కడ బతకడానికి సభలంటూ ఏవీ లేవు.

ఇప్పుడు "ఇక్కడ డీబీఏలు ఎవరున్నారు?" అన్న ప్రశ్నకు జవాబు వెతుకుదాం. 2019 అక్టోబరు 2 నుంచి వచ్చిన గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు. ప్రాథమిక సహకార పరపతి సంఘాలు, అంటే మన రైతులు సొసైటీ అని పిలిచేవి, 2022లో కేంద్రం ఆమోదించిన పథకం కింద కంప్యూటర్లలోకి మారుతున్నాయి. ఆమోదించినప్పుడు అది దేశవ్యాప్తంగా 63,000 సంఘాలకు రూ.2,516 కోట్ల పథకం. దస్తావేజుల రిజిస్ట్రేషన్ 1998 నుంచే కంప్యూటర్ మీద ఉంది. ఆసుపత్రులు, రైసు మిల్లులు, ఆక్వా డిపోలు, ప్రైవేటు స్కూళ్లు ఏదో ఒక డేటాబేస్ మీదే బతుకుతున్నాయి. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి పంటల లెక్కలు పోగుచేస్తున్నాయి. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది, వాసవి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఏలూరులో సర్ సీఆర్ఆర్, భీమవరంలో ఎస్ఆర్‌కేఆర్ కాలేజీలున్నాయి. వీటన్నిటిలో డీబీఎంఎస్ పేపరు చెప్పే అధ్యాపకులున్నారు. కోవిడ్ నుంచి ఇంటి దగ్గరే ఉండి హైదరాబాద్, అమెరికా కంపెనీలకు పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎక్కువమందికి కార్డు మీద డీబీఏ అని ఉండదు. టేబుల్ పాడైతే, లెక్క తేడా వస్తే జవాబు చెప్పాల్సింది మాత్రం వాళ్లే.

వాళ్లకు ఉమ్మడి చిక్కులున్నాయా అన్నది అసలు ప్రశ్న. నల్లజర్ల మండలాన్నే తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ రోజుతో పాత పశ్చిమగోదావరి మూడు ముక్కలైంది. ఏలూరు సొంత జిల్లా అయ్యింది, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరిలో మిగిలింది, నల్లజర్ల రాజమహేంద్రవరం కేంద్రమైన తూర్పుగోదావరిలోకి వెళ్లింది. కృష్ణా జిల్లా నుంచి కైకలూరు వచ్చి ఏలూరులో చేరింది. పశ్చిమగోదావరి ధాన్యం దిగుబడి 2021లో ఎంత, 2023లో ఎంత అని ఇప్పుడు ఎవరైనా క్వెరీ రాస్తే, పేరు ఒకటే, నేల వేరు. జిల్లా కోడు ఉన్న ప్రతి టేబుల్‌లోనూ, ఏ వరస ఏ తేదీ దాకా ఏ జిల్లాకు చెందిందో దాచకపోతే పాత కొత్త లెక్కలను పోల్చడం కుదరదు. పాత కోడు మీద కొత్త కోడు రాసేసినవాళ్లు చరిత్రను చెరిపేసుకున్నారు. రెండూ ఉంచుకున్నవాళ్లకు ప్రతి రిపోర్టులో అదనపు షరతులు వచ్చి పడ్డాయి. మారే వివరాలను కాలంతో సహా ఎలా దాచాలో పాఠ్యపుస్తకాల్లో ఒక అధ్యాయం ఉంటుంది. అదే సమస్యను ఒకే ఉదయాన ఇన్ని ఆఫీసులు ఎదుర్కొన్నప్పుడు, సచివాలయంలో ఒకరు, సొసైటీలో ఒకరు, ఆసుపత్రిలో ఒకరు, ఎవరి గదిలో వాళ్లు ఎవరి దారి వాళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది.

భూమి లెక్కల్లో ఇంకో ముడి ఉంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబర్లు వచ్చాయి. బ్యాంకు తనఖా కాగితంలో, సొసైటీ అప్పు ఖాతాలో, పాత దస్తావేజులో ఉన్నది పాత నంబరు. కొత్త 1బీలో, అంటే భూమి హక్కుల రికార్డులో, ఉన్నది కొత్త నంబరు. ఒక పాత నంబరు నాలుగు ముక్కలు కావచ్చు, నాలుగు కలిసి ఒకటి కావచ్చు. ఇది ఒకటికి ఒకటి సరిపోయే జత కాదు, అనేకానికి అనేకం అనే సంబంధం. మధ్యలో జతల టేబుల్ లేకుండా నడవదు. కొల్లేరు వైపు వెళితే చిక్కు ఇంకా లోతు. 1999లో ప్రకటించిన అభయారణ్యం హద్దు ప్లస్ 5 కాంటూరు, అంటే సముద్రమట్టం నుంచి 5 అడుగుల ఎత్తు గీత. చెరువుల లెక్కలు మాత్రం సర్వే నంబర్ల మీద నడుస్తాయి. ఎత్తుతో గీసిన గీత, నంబర్లతో గీసిన గట్లు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు ఏ చెరువు ఎంత మేర లోపలుందో చెప్పడం పోస్ట్‌జీఐఎస్ లాంటి భూగోళ డేటాబేస్‌కు తగిన పని. 2006లో చెరువుల గట్లు తెంచినప్పటి నుంచి ఇక్కడి బతుకులు ఆ గీత మీదే తూగుతున్నాయి. ఈ సమస్య మీద నిపుణుడొకడు తయారవాల్సి వస్తే అతను ఇక్కడే తయారవాలి.

ఇక రాత సంగతి. తాడేపల్లిగూడెం అనే పేరు కంటికి 6 అక్షరాలు. యూనికోడ్‌లో అది 14 సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 చొప్పున 42 బైట్లు. ఒరాకిల్‌లో అక్షరాల కాలమ్ పొడవును మామూలుగా బైట్లలో కొలుస్తారు. ఇంగ్లీషు పేర్లను దృష్టిలో పెట్టుకుని 30 అని పెట్టిన కాలమ్‌లో ఈ ఊరు పట్టదు. 24 బైట్ల నల్లజర్ల పడుతుంది. పోస్ట్‌గ్రెస్ సంకేతాలను లెక్కిస్తుంది కాబట్టి అక్కడ రెండూ పడతాయి. ఒకచోట పనిచేసినది ఇంకోచోటికి మార్చగానే ఎందుకు ఆగిందో తెలియక రోజులు పోయేది ఇక్కడే. శ్రీనివాస్ అని రాసి చివర కంటికి కనపడని విడదీత గుర్తు పడితే, చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు యంత్రానికి వేరు. వెతికితే దొరకవు, ఒకే మనిషికి రెండు ఖాతాలు పుడతాయి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు అను ఫాంట్లలో కొట్టిన దస్త్రాలు ఆ ఫాంటు లేని చోట అర్థంలేని గీతలు. కొలతలూ అంతే. గోదావరి రైతు ఎకరాకు ఇన్ని బస్తాలంటే ఆ బస్తా 75 కిలోలు; ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో సంచి 40 కిలోలు. రొయ్యల ధర కిలోకు ఎన్ని తూగుతాయనే కౌంటు మీద ఉంటుంది. రెండు చెరువుల సగటు కౌంటు తీయాలంటే బరువుల లెక్కన తీస్తే ఒకటి, రొయ్యల సంఖ్య లెక్కన తీస్తే ఇంకోటి వస్తుంది. యూనిట్ కాలమ్ లేని టేబుల్ ఈ ప్రాంతంలో అబద్ధం చెబుతుంది. వీటిలో ఏ ఒక్కటీ లాస్ ఏంజెలెస్‌లో గాని, బెంగళూరులో గాని ఎవరూ వచ్చి చెప్పే పాఠం కాదు.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, అవి గట్టివే. పాఠాలన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే ఉచితంగా ఉన్నాయి, ఎన్‌పీటీఎల్‌లో ఐఐటీ ఆచార్యులే డీబీఎంఎస్ చెబుతున్నారు, కూడాల్సిన అవసరమేమిటని ఒకటి. పాఠం కోసమే అయితే నిజంగా కూడనక్కర్లేదు. ఆ కోర్సు నార్మలైజేషన్ చెబుతుంది. ఎల్‌పీఎం నంబర్ల జతల టేబుల్ ఎలా ఉండాలో చెప్పదు. పైగా అడగడానికి జంకే ప్రశ్నలు తెలిసినవాడి ముందే నోట్లోంచి వస్తాయి. రిస్టోర్ ఎప్పుడూ చేసి చూడలేదని రాతపూర్వకంగా ఒప్పుకునేవాడు అరుదు, టీ తాగుతూ ఒప్పుకునేవాళ్లు చాలామంది. రెండో అభ్యంతరం: నేర్చుకున్నవాడు ఎలాగూ హైదరాబాద్ వెళ్లిపోతాడు, కష్టం వృథా. వెళ్లేవాడు గ్రూపు ఉన్నా వెళతాడు, లేకపోయినా వెళతాడు. అతనికి తెలిసింది అతనితో పాటే పోతుందా, ఇక్కడ రాతలో, ఇంకో నలుగురి చేతుల్లో మిగులుతుందా అన్నదే తేడా. ఈ-సేవ, గ్రామ్ ఐటీల అనుభవం చెప్పిన నష్టం కూడా ఈ రెండోది లేకపోవడమే.

మూడోది ఈ కాలపు అభ్యంతరం. ఒరాకిల్ 2017లోనే తనను తాను చూసుకునే డేటాబేస్‌ను ప్రకటించింది. క్లౌడ్‌లో బ్యాకప్, ప్యాచ్ వాటంతటవే జరిగిపోతాయి. మామూలు మాటల్లో అడిగితే కృత్రిమ మేధ ఎస్‌క్యూఎల్ రాసిస్తోంది. అంతరించిపోయే వృత్తికి సంఘం దేనికని అడుగుతారు. ప్యాచ్ వేసే పని తగ్గుతున్న మాట వాస్తవం. కానీ ఆ యంత్రాన్ని పశ్చిమగోదావరి దిగుబడి అడిగితే, 2022కు ముందు వెనుకల నేల వేరని డేటాలో ఎవరూ రాసి పెట్టకపోతే, అది తడుముకోకుండా తప్పు జవాబు ఇస్తుంది. క్వెరీ రాయడం చౌకయ్యేకొద్దీ డేటా అర్థం తెలిసిన మనిషి విలువ పెరుగుతుంది, ఆ అర్థం స్థానికం. నాలుగోది గోప్యత: నలుగురిలో కూర్చుని ఆఫీసు గుట్లు చెప్పుకుంటే ఎలా? ఇది కొట్టిపారేయకూడని మాట. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. అది లేకపోయినా రైతు అప్పు, రోగి జబ్బు సభలో తెర మీద వేసే వస్తువులు కావు. అందుకే కట్టుబాటు ముందే ఉండాలి: అసలు డేటా సభకు రాకూడదు, కల్పించిన వరసలతో అదే చిక్కును చూపాలి, ఆఫీసు పేరు చెప్పనక్కర్లేదు. గిట్‌ల్యాబ్ తన తప్పును వివరంగా చెప్పినా, ఎవరి చేతిలో జరిగిందో ఆ ఇంజనీరును బలిపెట్టలేదు. ఆ మర్యాద ఇక్కడా నేర్చుకోదగ్గది.

అయితే ఆ గ్రూపు ఏ రూపంలో ఉండాలి? నమూనా కోసం దూరం పోనక్కర్లేదు. వ్యవసాయ శాఖ పొలంబడి మన రైతులకు తెలుసు. ఉపన్యాసం కోసం హాలుకు పిలవకుండా, ఒక పొలాన్నే బడి చేసుకుని, పంటకాలమంతా క్రమం తప్పక అదే రైతులు కలిసి ఆ పైరునే చూసి పురుగును గుర్తుపట్టి నిర్ణయం తీసుకునే పద్ధతి అది. డేటాబేస్ పనివాళ్లకూ ఇదే సరిపోతుంది. పెద్ద అతిథి, శాలువా, ఫోటో ఉండే వార్షిక సభ కంటే, నెలకొక ఆదివారం ఒక చిక్కును బల్ల మీద పెట్టుకుని అది తెగేదాకా కూర్చోవడం మేలు. ఒక నెల రిస్టోర్ పరీక్ష, ఒక నెల జిల్లా కోడ్లు, ఒక నెల తెలుగు పేర్ల వెతుకులాట. పోస్ట్‌గ్రెస్ లాంటి ఉచిత డేటాబేస్ ఉంటే లైసెన్సు ఖర్చు లేదు, పాత ల్యాప్‌టాప్ చాలు. కాలేజీ ల్యాబ్ సెలవురోజున ఖాళీగానే ఉంటుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, నల్లజర్ల మధ్య వంతులవారీగా తిరిగితే ఎవరికీ బస్సు దూరం భారం కాదు. ఇప్పుడు మూడు జిల్లాల కింద ఉన్న ఈ మూడు ఊళ్లూ కలిస్తేనే పైన చెప్పిన చిక్కులన్నీ ఒక గదిలోకి వస్తాయి. మాట తెలుగులో సాగాలి. టేబుల్, ఇండెక్స్, బ్యాకప్ అనే మాటలు ఎలాగూ మన నాలుకకు అలవాటయ్యాయి, వాటిని మార్చే శ్రమ వద్దు. ఖర్చు కోసం ఒక్క దాత మీద ఆధారపడకుండా, వచ్చినవాళ్లే టీ డబ్బులు వేసుకునే స్థాయిలో ఉంచుకోవాలి. పాస్ నుంచి, గ్రామ్ ఐటీ నుంచి తీసుకోవాల్సిన పాఠం అదే.

ఇలాంటివి తరచు రెండేళ్లకే చల్లబడతాయన్న అనుమానం మిగులుతుంది. మొదలుపెట్టిన ఇద్దరు ముగ్గురు అలసిపోతారు, ఉద్యోగాలు మారతారు. అది జరుగుతుందని ముందే అనుకుని ఏర్పాటు చేసుకోవాలి. సభ నడిపే బాధ్యత ఏడాదికోసారి చేతులు మారాలి. ప్రతి సభ తరవాత ఆ నెల చిక్కు, దానికి దొరికిన దారి, దొరకకపోతే ఎక్కడ ఆగిందీ తెలుగులో రెండు పేజీలు రాసి అందరికీ అందేచోట పెట్టాలి. ఆ రాతలు పోగైతే గ్రూపు ఆగినా పని ఆగదు. ఇంకొకరు అక్కడి నుంచి అందుకుంటారు. ఎంతమంది వచ్చారు, ఎంత పెద్ద నిపుణుడు మాట్లాడాడు అన్నవి ఈ ప్రయత్నానికి కొలబద్దలు కావు. ఈసారి జిల్లాల సరిహద్దులు మారినప్పుడు గాని, నంబర్లు మారినప్పుడు గాని, సచివాలయంలో, సొసైటీలో, ఆసుపత్రిలో ఉన్నవాళ్లు ఎవరి దారి వాళ్లు వెతుక్కోకుండా ముందే మాట్లాడుకున్న ఒకే పద్ధతిలో మార్చుకోగలిగారా అన్నదే కొలత. అది నెగ్గితే ఇక్కడ డీబీఏలు ఎవరున్నారని ఎవరూ అడగరు.